ఆరుబయటి విహారం కూడా ఒక చదువే

ప్రతి ఏడూ ఈ సంచికకు ఏదో ఒకటి రాయమని విద్యార్థి సంఘం వారు అడగడం, నేను వ్యాయామం వలన కలిగే లాభాల గురించి నాలుగు పేజీలు రాసి ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. ఈసారి ఆ లాభాల జోలికి పోను. మొన్న ఎండాకాలంలో ఒక తండ్రి నన్నొక ప్రశ్న అడిగాడు. అప్పుడు నోటితో సరిగా చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇక్కడ రాస్తాను.

ఆయన కొడుకు మన దగ్గర బి.ఏ. ఆఖరి సంవత్సరం. విదేశాల విశ్వవిద్యాలయాల్లో ఔట్‌డోర్ రిక్రియేషన్ అని ఒక చదువుందని, కొండలెక్కడం, నదిలో పడవ నడపడం, అడవిలో గుడారం వేసుకొని ఉండటం, పదిమందిని వెంటబెట్టుకొని పోయి క్షేమంగా తీసుకురావడం, ఇవన్నీ అందులో పాఠాలేనని ఎక్కడో చదివాడు. తెలుగులో ఆరుబయటి విహారం అనుకుందాం. తనకూ అదే చదవాలని ఉందని ఇంట్లో అన్నాడట. మరునాడే తండ్రి నా గది ముందు నిలబడ్డాడు.

"గుట్టలెక్కనీకి డిగ్రీ ఎందుకు సార్? మా ఊరి గొర్లకాపరి దినాం నాలుగు గుట్టలెక్కి దిగుతడు. ఆయనకు ఏ యూనివర్సిటీల సీటొచ్చింది?" అన్నాడు.

నేను నవ్వి ఊరుకున్నాను. కానీ ఆయన పోయిన తరువాత ఆలోచిస్తే, ఆ గొర్లకాపరి మాట ఆయన వాదానికి కాదు, నా వాదానికే పనికొచ్చేటట్టు కనిపించింది. గొర్లకాపరి ఒక్కడే గుట్టెక్కడు. వంద జీవాలను తీసుకొని ఎక్కుతాడు. పొద్దుగూకేలోపల వందింటినీ లెక్కబెట్టి దొడ్డికి తెస్తాడు. ఏ మడుగులో నీళ్లున్నాయో, ఏ రాయి వానకు జారుతుందో, ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఉరిమి పోతుందో ఆయనకు తెలుసు. ఆ తెలివి ఊరికే రాలేదు. ఏడెనిమిదేండ్ల వయసు నుండి తండ్రి వెనక కట్టె పట్టుకొని తిరిగి నేర్చుకున్నాడు. అది పదేండ్ల కోర్సు. మన కళాశాలల్లో చదివే పిల్లల్లో చాలామందికి ఆ కోర్సు తప్పిపోయింది. తప్పిపోయినవాళ్లమే బస్సు మాట్లాడుకొని, బిర్యాని పొట్లాలు కట్టించుకొని, నలభైమందిమి కలిసి జలపాతం చూడబోతున్నాం.

మిత్రులారా, 2014వ సంవత్సరం మీలో చాలామందికి రాష్ట్రం ఏర్పడిన సంవత్సరంగానే తెలుసు. ఆ జూన్ 2వ తేదీకి కొంచెం ముందు ఒకటి, కొంచెం తరువాత ఒకటి, రెండు సంఘటనలు జరిగాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని నా మనవి.

మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమె వయసు 13 ఏండ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. వెంట ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతపు ఆనంద్ కుమార్ ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు, పేద ఇండ్ల పిల్లలు. వీళ్లను ఒక్కసారిగా తీసుకుపోయి మంచులో వదలలేదు. ముందు భువనగిరి కోట గుట్ట మీద, అక్కడి రాక్ క్లైంబింగ్ పాఠశాలలో, శేఖర్‌బాబు బాచినేపల్లి అనే శిక్షకుడి దగ్గర తాడు పట్టుకోవడం నేర్చుకున్నారు. అక్కడ వందమందికి పైగా పిల్లలు మొదలుపెట్టారు. కొందరు డార్జిలింగ్ దాకా, కొందరు లడఖ్ దాకా పోయారు. చివరికి ఇద్దరు మిగిలారు. నేపాల్ వైపు నుండి 16 ఏండ్ల లోపు వాళ్లను ఎక్కనివ్వరు కనుక టిబెట్ వైపు నుండి ఎక్కారు. మెట్టు మెట్టుకూ ఎవరో ఒకరు ఈ పిల్ల ముందుకు పోవచ్చునా, కూడదా అని నిర్ణయిస్తూ వచ్చారు.

సరిగ్గా 14 రోజులకు, జూన్ 8న, హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నది ఒడ్డున దిగారు. నీళ్లు తక్కువగా ఉన్నాయి. రాళ్ల మీదికి పోయి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ ఆనకట్ట నుండి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, యాత్ర నడిపే మనిషి ఒకడు కొట్టుకుపోయారు. తరువాత 2016లో హిమాచల్ హైకోర్టు పరిహారం విషయంలో తీర్పు చెబుతూ నీళ్లు వదిలిన సంస్థ మీద మాత్రమే కాక కళాశాల మీద కూడా బాధ్యత పెట్టింది.

ఎవరెస్టు ప్రమాదకరమైనదా, నది ఒడ్డున ఫొటో ప్రమాదకరమైనదా అని అడిగితే ఎవరైనా ఎవరెస్టే అంటారు. కానీ అక్కడ పిల్లల వెనుక ఒక శాస్త్రం ఉంది. ఇక్కడ "ఈ నది మీద ఆనకట్ట ఉన్నదా? గేటు ఎప్పుడెత్తుతారు?" అని అడిగే మనిషి ఒక్కడు లేడు. ఆ అడిగే మనిషిని తయారుచేసే చదువే ఈ వ్యాసం సంగతి.

నేను ఇతరులకు నీతులు చెప్పగల స్థితిలో ఉండి రాయడం లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్నాను, ముప్ఫై ఎనిమిది మంది పిల్లలను నల్లమల అంచున ఒక వాగు దగ్గరికి తీసుకుపోయాను. పేర్ల పట్టీ బస్సులోనే ఉండిపోయింది. తాడు లేదు. మోకాలి లోతు వాగు దాటి అవతలి గుట్ట మీద అన్నాలు తిన్నాం. మా మీద ఎండ కాస్తూనే ఉంది. ఎగువన ఎక్కడో వాన పడ్డదట. తిరిగి దాటబోయేసరికి నీళ్లు ఎర్రగా మారి నడుముదాకా వచ్చాయి. సగంమంది ఇవతల, సగంమంది అవతల. ఇవతల ఎంతమంది ఉన్నారో, అవతల ఎంతమంది ఉన్నారో ఖాయంగా చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. ఒక పిల్లవాడు కనిపించలేదు. బర్రెలు కాసే ముసలాయన ఒకాయన వచ్చి, "ఎవ్వలు దిగొద్దు, నీళ్లు తెల్లారితె తీస్తయి" అని చెప్పి మమ్మల్ని ఎక్కడివాళ్లను అక్కడ కూర్చోబెట్టాడు. రాత్రంతా వాగుకు రెండు వైపులా కూర్చొని ఒకరి పేరు ఒకరు పిలుచుకున్నాం. కనిపించని పిల్లవాడు జ్వరమొచ్చి బస్సులోనే పడుకున్నాడని తెల్లారి తెలిసింది. అందరూ ఇండ్లకు చేరారు, అందుకే ఇది కథలాగ చెప్పగలుగుతున్నాను. ఆ రోజు తప్పు వాగుది కాదు, ఎవరిదీ కాదు, నాది. వ్యాయామ విద్యలో నాకు డిగ్రీ ఉంది, పతకాలున్నాయి, ఈత వచ్చు. ముప్ఫై ఎనిమిది మందిని బయటికి తీసుకుపోవడం మాత్రం నాకెవరూ నేర్పలేదు.

ఇక ఈ చదువు ఎక్కడ పుట్టిందో కొంచెం చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లీషు ఓడలను జర్మన్లు టార్పిడోలతో ముంచుతున్నారు. ఓడ మునిగి చిన్న పడవల్లో తేలినప్పుడు బలమైన యువకులు చనిపోతున్నారు, వయసు మళ్లిన నావికులు బతుకుతున్నారు. బ్లూ ఫన్నెల్ ఓడల కంపెనీకి చెందిన లారెన్స్ హోల్ట్ ఈ విషయం గమనించాడు. కండబలం కాదు, కష్టాన్ని అంతకు ముందు ఎదుర్కొన్న అనుభవం మనిషిని నిలబెడుతున్నదని ఆయనకు తోచింది. హిట్లరును ఎదిరించి జర్మనీ వదిలి వచ్చిన కుర్ట్ హాన్ అనే ఉపాధ్యాయుడితో కలిసి 1941లో వేల్స్ సముద్రతీరాన అబర్‌డోవీలో ఔట్‌వర్డ్ బౌండ్ అనే పాఠశాల తెరిచాడు. కొండ, సముద్రం అక్కడ పాఠ్యపుస్తకాలు.

అమెరికాలో 1965లో పాల్ పెట్జోల్ట్ అనే పర్వతారోహకుడు వయోమింగ్ రాష్ట్రంలో నాయకులను తయారుచేసే పాఠశాల పెట్టాడు. కొండలెక్కేవాళ్లు దండిగా ఉన్నారు, ఎక్కించేవాళ్లే లేరన్నది ఆయన బాధ. అంతకు ముందే, 1958లో, ఆ దేశపు కాంగ్రెసు జనం సెలవురోజున ఎక్కడికి పోతున్నారు, ముందుముందు ఎంత అడవి, ఎంత ఏటిగట్టు వాళ్లకు కావాలి అని లెక్క తీయడానికి ఒక కమిషన్ వేసింది. 1962లో నివేదిక వచ్చింది. ఈ ఊపులో విశ్వవిద్యాలయాల్లో ఉద్యానాలు, విహారం, పర్యాటకం పేరుతో శాఖలు బలపడ్డాయి. యూటా, క్లెమ్సన్ విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ అటువంటి శాఖలున్నాయి. మనకు ఇది వింతగా తోచవచ్చు. విహారానికి లెక్కలేమిటి? అడవి ఎవరికి కావాలి, ఎంతమందికి కావాలి, ఎన్నాళ్లుంటుంది అని లెక్క వేయకపోతే ఏమవుతుందో, జాతర మరునాడు ఏ జలపాతం దగ్గరికైనా పోయి చూడండి.

ఆ డిగ్రీల్లో తాళ్లు, పడవలు ఉంటాయి గాని అవి సగం కూడా కావు. ఆసుపత్రి గంటల దూరంలో ఉన్నచోట గాయపడిన మనిషిని ఎట్లా చూసుకోవాలనేది ఒక పూర్తి పాఠం. ఉదాహరణకు పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు. కరిచిన కాలు కదలకుండా కట్టు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొని, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. మన పాలమూరు ఎండల్లో వడదెబ్బ ఇంకా ముఖ్యం. మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరడం ముందు, మిగతావన్నీ తరువాత. ఇంకొక పాఠం నేల గురించి. ఒక బాట రోజుకు ఎంతమంది నడకను తట్టుకుంటుంది, అగ్గి ఎక్కడ పెట్టవచ్చు, చెత్త ఎవరు మోయాలి. ఇంకొకటి మనుషుల గురించి. భయపడ్డ పిల్లను ఎగతాళి చేయకుండా ఎట్లా దించాలి, ముందు పరుగెత్తేవాడిని ఎట్లా ఆపాలి. చట్టం, బీమా, జమాఖర్చులు ఉండనే ఉన్నాయి. వీటన్నిటికన్న గట్టి పాఠం ఒకటుంది. శిఖరం కనిపిస్తున్నా, డబ్బు కట్టినవాళ్లు పోదాం పోదాం అంటున్నా, వెనక్కు తిరుగుదామని చెప్పగలగడం. ఒక మాట పలకడానికి మూడేండ్లా అని నవ్వకండి. ఆ వాగు దగ్గర నేను ఆ మాట పలకలేకపోయాను.

ఇప్పుడు మన నేల సంగతి. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, ఈ చదువుకు మూడూ కలిసి ఒకే ప్రయోగశాల.

గద్వాల దగ్గర జూరాల ప్రాజెక్టు ఉంది. అరవైకి పైగా గేట్లు. ఎండాకాలం దిగువన నిలబడితే కృష్ణ రాళ్ల మధ్య సన్నగా పారుతుంది, పిల్లలు దిగి ఆడుకుంటారు. జూలై, ఆగస్టుల్లో మహాబలేశ్వరం కొండల మీద వాన కురుస్తుంది. ఆ నీళ్లు ఆల్మట్టి నింపి, నారాయణపూర్ నింపి, కొన్ని రోజులకు మన దగ్గరికి వస్తాయి. అప్పుడు మన నెత్తిమీద మబ్బు తునక కూడా ఉండకపోవచ్చు. బియాస్ దగ్గర పిల్లలకు తెలియని పాఠం ఇదే. మనకు అది ఇంటి ముందు ఉన్నది. సైరను మోగితే ఏమి చేయాలి, మోగకముందే ఎవరిని అడగాలి అని జూరాల గట్టు మీద నిలబడి ఒక్క పూట చెబితే చాలు. కృష్ణలో పుట్టి వేసే జాలరులు ఇంకా ఉన్నారు. గుండ్రటి ఆ పుట్టి ఒకే తెడ్డుతో తిరగకుండా ఎట్లా ముందుకు పోతుందో నేర్చుకోవడానికి వారం పడుతుంది. ఎప్పుడు వేయకూడదో నేర్చుకోవడానికి ఎన్ని ఏండ్లు పడుతుందో వాళ్లనే అడగాలి.

వనపర్తి వైపు వస్తే మదనాపురం దగ్గర సరళాసాగర్. వనపర్తి రాజావారు తల్లి పేర కట్టించినది, 1959లో పూర్తయింది. దీనికి గేట్లెత్తే మనిషితో పని లేదు. నీళ్లు ఒక మట్టానికి చేరగానే సైఫన్లు తమంతట తామే తెరుచుకొని నీళ్లను బయటికి లాగేస్తాయి. ఇంజనీరింగు విద్యార్థులకు ముచ్చటైన విషయం. విహారానికి పోయినవాడికి మాత్రం ఇంకొక విధంగా ముఖ్యం: గేటు దగ్గర మనిషి లేడంటే, ఆగమని మనం బతిమాలడానికీ ఎవరూ లేరన్నమాట. 2019 డిసెంబరు 31న ఆ కట్ట తెగింది కూడా. కట్ట మీద తిరిగేవాళ్లు ఈ రెండూ జ్ఞాపకం పెట్టుకుంటే మంచిది.

ఖిల్లా ఘనపురం, పానగల్లు కోట గుట్టలు రాతి మీద నడక నేర్చుకోవడానికి భువనగిరికి తీసిపోవని నా అభిప్రాయం. మన గ్రానైటు రాయి గరుకుది, పొడిగా ఉన్నప్పుడు కాలు పట్టుకుంటుంది. తొలి వానకు అదే రాయి నాచుపట్టి సబ్బు అవుతుంది. ఎక్కడం సులువు, దిగడం కష్టం. ఎక్కేటప్పుడు రాయి కంటి ముందుంటుంది, దిగేటప్పుడు కాలి కిందికి పోయి కనిపించదు. కోట గుట్ట మీద కాళ్లు వణుకుతూ కూర్చున్న వీరులను ఎందరినో చూశాను. కింద మొలలోతు మాటలు చెప్పినవాళ్లే వాళ్లంతా. కోటగోడల్లో పెద్ద తేనెపట్లుంటాయి. అగరుబత్తి పొగ, సిగరెట్టు పొగ చాలు వాటిని లేపడానికి.

నాగర్‌కర్నూలు జిల్లాకు వస్తే, నల్లమల. ఇక్కడ కొంచెం ఆగాలి.

1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణకు వచ్చిన భాగమే ఇప్పటి ఆమ్రాబాద్ టైగర్ రిజర్వు, 2,611 చదరపు కిలోమీటర్లు. మన్ననూరు, ఫర్హాబాద్, మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం, చైత్ర పున్నమికి మాత్రమే జనం పోయే సలేశ్వరం, అటు కొల్లాపూరు వైపు సోమశిల రేవు, అన్నీ ఈ జిల్లాలోనివే. సోమశిల నుండి శ్రీశైలం దాకా లాంచీ తిరుగుతుంది. లాంచీలో పోయేవాళ్లు కొండలు చూసి ఆనందిస్తారు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన పల్లెల మీదుగానే తాము పోతున్నామని లాంచీలో ఎవరైనా చెబితే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. చూపించే మనిషి చేయవలసిన పనే అది. నీళ్లు తగ్గిన నెలల్లో అవతలి ఒడ్డున సంగమేశ్వరాలయం బయటపడినప్పుడు ఆ మాట చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ అడవిలో ఆరుబయటి విద్యకు మనకన్న ముందు పట్టభద్రులైనవాళ్లు చెంచులు. వాళ్ల మీద ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1943లోనే పెద్ద గ్రంథం రాశాడు. కొండచరియ అంచున తేనెపట్టు తీయడానికి చెంచు మనిషి తీగలతో పేనిన తాడు పట్టుకొని కిందికి దిగుతాడు. పైన తాడు కాచే మనిషి ఎవరై ఉండాలి? బావమరిదే ఉండాలంటారు. చెల్లెలి తాళి గుర్తుండేవాడు తాడు వదలడు గదా. డార్జిలింగులోనైనా, భువనగిరిలోనైనా తాడు మీద మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. ఎక్కేవాడి ప్రాణం కింద లేక పైన తాడు పట్టినవాడి చేతిలో ఉంటుంది. వాళ్లు ఆయనను బిలేయర్ అంటారు. మన నల్లమలలో ఆయన పేరు బావమరిది.

మన్ననూరు దగ్గర అటవీశాఖ నడిపే వసతిలో, సఫారీలో చెంచు యువకులు దారి చూపేవాళ్లుగా, సిబ్బందిగా పనిచేస్తున్నారు. మంచిదే. అయితే డిగ్రీ చదివి మనం పోతే, వాళ్ల ఉద్యోగం మనం తీసుకున్నట్టా అనే ప్రశ్న మిగులుతుంది. నాకు తోచినది చెబుతాను. పాదముద్ర చూసి జంతువును గుర్తుపట్టడంలో పెంటలో పుట్టినవాడితో మనం ఏ జన్మకూ పోటీ పడలేం, పడకూడదు. బీమా కాగితాలు, వాతావరణ శాఖ హెచ్చరికలు, ప్రథమ చికిత్స, బయటి నుండి వచ్చినవాళ్ల భాషలు, ఇవి మనం నేర్చుకొని ఆయన పక్కన నిలబడవచ్చు. ఇంకా మంచి సంగతి, పెంట పిల్లలే ఆ డిగ్రీకి రావడం. పాకాల తండా పిల్లకు ఎవరెస్టు దూరం కానప్పుడు అప్పాపూర్ పెంట పిల్లకు డిగ్రీ దూరమా?

ఎక్కడ చదవాలి అనే దానికి వస్తున్నాను. మన రాష్ట్రంలో సరిగ్గా ఈ పేరుతో డిగ్రీ కోసం వెతికి కాలం పాడుచేసుకోవద్దు. ముక్కలు ముక్కలుగా కూర్చుకోవాలి. ఏ డిగ్రీ చదువుతున్నా ముందు ఎన్.సి.సి.లో చేరండి. ట్రెక్కింగ్ క్యాంపులు, పర్వతారోహణ కోర్సులకు పోయే అవకాశం ఖర్చు లేకుండా అక్కడ దొరుకుతుంది. రెండవది, పర్వతారోహణ సంస్థలు. ఎవరెస్టు తొలిసారి ఎక్కిన మరుసటి ఏడు, 1954లో, డార్జిలింగులో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. టెన్సింగ్ నార్గే దాని తొలి క్షేత్ర శిక్షణాధికారి. ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965లో వచ్చింది. మనాలిలోనూ ఒకటుంది. ప్రాథమిక కోర్సు దాదాపు నాలుగు వారాలు. అందులో 'ఏ' గ్రేడు వస్తేనే పై కోర్సుకు తీసుకుంటారు, ఆ తరువాత బోధనా పద్ధతి, గాలింపు, రక్షణ కోర్సులు. శిక్షకుడు కాదలుచుకున్నవాడు ఈ నిచ్చెన అంతా ఎక్కాలి.

నీళ్ల వైపు ఆసక్తి ఉంటే గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. పడవ నడిపేవాళ్లకు, ప్రాణరక్షకులకు శిక్షణ ఇస్తుంది. దాని మాతృసంస్థ గ్వాలియర్‌లో ఉన్న, 1983లో ఏర్పడిన పర్యాటక, యాత్రా నిర్వహణ సంస్థ. దాని శాఖ ఒకటి నెల్లూరులోనే ఉంది, డిగ్రీ స్థాయిలోనూ పి.జి. స్థాయిలోనూ చదవవచ్చు. హైదరాబాదు గచ్చిబౌలిలో రాష్ట్రపు పర్యాటక విద్యాసంస్థ ఉంది. అడవి వైపు పోదలుచుకున్నవాళ్లకు సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది (సమ్మక్క-సారలమ్మల ములుగు కాదు, బస్సు తప్పెక్కవద్దు). ఇంకా పైకి పోతే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్. వ్యాయామ విద్యలో బి.పి.ఎడ్., ఎం.పి.ఎడ్. ఉండనే ఉన్నాయి. నాలాగ అది ఒక్కటే చదివి ఆగిపోకుండా ఉంటే చాలు.

ఇక ఆ తండ్రి చివరి ప్రశ్న: "ఎండాకాలం రెండు నెలలు సరే సార్. కడమ పది నెలలు ఏం తింటడు?"

సరైన ప్రశ్న, దాటవేయకూడదు. ఈ పనిలో సగం ఉద్యోగాలు రుతువును బట్టి ఉంటాయి. హిమాలయ శిబిరాలు ఎండాకాలంలోనూ, వానలు వెలిసిన తరువాతనూ నడుస్తాయి. రిషీకేశ్‌లో రాఫ్టింగు వానాకాలం బంద్. మన ఆమ్రాబాద్ సఫారీ కూడా జూలై నుండి సెప్టెంబరు దాకా మూసి ఉంటుంది. మొదటి రెండు మూడేండ్లు శిబిర శిక్షకుడికి అన్నం, వసతి పోను చేతికి మిగిలేది స్వల్పమే. ఎవరైనా వేరే విధంగా చెబితే నమ్మవద్దు. ఏడాది పొడుగునా నిలిచే జీతాలు వేరే చోట్ల ఉన్నాయి: శిబిరాలు నడిపే పాఠశాలలు, పర్యాటక, అటవీ శాఖలు, విపత్తు సహాయక దళాలు, ఉద్యోగుల శిక్షణ కోసం శిబిరాలు పెట్టే పెద్ద కంపెనీలు, యాత్రా సంస్థల్లో భద్రతాధికారి పని. 2018లో కేంద్ర పర్యాటక శాఖ సాహస పర్యాటకానికి మార్గదర్శకాలు విడుదల చేసింది. కాగితం మీద ఉన్నదానిని అమలు చేయడానికి తెలిసిన మనుషులు కావాలి. ఆ మనుషులు ఇంకా తక్కువగానే ఉన్నారు.

బచేంద్రీ పాల్ కథ ఇక్కడ చెప్పాలి. ఆమె సంస్కృతంలో ఎం.ఏ., తరువాత బి.ఎడ్. చేసింది. ఇంట్లోవాళ్లు పంతులమ్మ కమ్మన్నారు. ఆమె ఉత్తరకాశీ సంస్థలో కోర్సు చేసి, శిక్షకురాలై, 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ పేరు అందరికీ తెలుసు. నాకు ఆసక్తి కలిగించేది తరువాతి కథ. టాటా స్టీల్ సాహస సంస్థ నడిపే ఉద్యోగంలో ఆమె 2019లో పదవీ విరమణ చేసేదాకా దాదాపు ముప్ఫై అయిదేండ్లు ఉంది. శిఖరం మీద ఉండేది కొద్ది నిమిషాలు. ఇతరులను ఎక్కించడమే ఆమెకు జీవితకాలపు నౌకరీ అయింది.

మల్లి మస్తాన్‌బాబు సంగతి కూడా దాచకూడదు. నెల్లూరు జిల్లా రైతుబిడ్డ. ఐ.ఐ.టి., ఐ.ఐ.ఎం. చదువులు పూర్తిచేసి, మంచి ఉద్యోగం వదిలి, 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివేటప్పుడు, ఎవరెస్టు మీద ప్రాణాలు విడిచిన అక్కడి పూర్వవిద్యార్థి విగ్రహం చూసి కొండల మీద మనసు పెట్టుకున్నాడంటారు. ఎంత తెలిసినవాడికైనా కొండ ఏ హామీ ఇవ్వదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. చెప్పకుండా సంతకం తీసుకోవడం అన్యాయం.

సంతకం అంటే జ్ఞాపకం వచ్చింది. పర్వతారోహణ సంస్థల దరఖాస్తుకు డాక్టరు ధ్రువపత్రంతో పాటు, ప్రమాదం జరిగితే బాధ్యత మాదే అనే కాగితం మీద తండ్రి లేక తల్లి సంతకం కావాలి. మన బి.ఏ. అబ్బాయి ఫారం నింపుకొని, పొద్దున పరుగు కూడా మొదలుపెట్టాడు. మొన్న తండ్రి మళ్లీ వచ్చాడు. నేను పైన రాసినదంతా ఈసారి నోటితోనే చెప్పాను, నా వాగు కథతో సహా. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం ఇంకా పెట్టలేదు. ఊరికి పోయి, ముందు ఆ గొర్లకాపరిని అడిగి వస్తానన్నాడు.